లెమ్మన్నా లేవొద్దు

పెద్దిరాజు ధర్నా పెట్టాడంటే టౌనులో పోలీసులకి కూడా ఆ రోజు తీరికే. ముందురోజు సాయంత్రం అతను ఉతికిన చొక్కా వేసుకుని స్టేషనుకి వెళ్ళేవాడు. ఇన్‌స్పెక్టరుతో టీ తాగుతూ, పెళ్ళికి ఇరువైపుల పెద్దలూ కూర్చుని మాట్లాడుకున్నట్టు, అన్నీ మాట్లాడుకుని వచ్చేవాడు. ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు తోపులాట మొదలవ్వాలి, ఎవరెవర్ని వ్యాను ఎక్కించాలి, ఏ వేళకి వదిలిపెట్టాలి. ఈ సంగతి కాలవగట్టు జనం దగ్గర దాచలేదు. దాచడానికి అదేమైనా దొంగతనమా? “మావోడు మాట్టాడొచ్చేడు, ఇంక దెబ్బలుండవు” అనుకుంటూ ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని మరీ వచ్చేవారు.

తొంభైలో రిక్షా తొక్కుతూనే రిక్షా సంఘం పెట్టాడు. తర్వాత వీధి కొళాయిల కోసం, రేషను కార్డుల కోసం రోడ్డెక్కాడు. తొంభయ్యారు తుఫానుకి కొంపలు పోయిన జనం గోదావరి లంకల్నించీ, రాజోలు అవతల్నించీ వచ్చి కాలవగట్టు మీద తాటాకు పాకలు వేసుకుంటే, వాళ్ళకి పెద్దదిక్కు కూడా అతనే అయ్యాడు. కౌన్సిలరుగా రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. ఓట్లు ఇంకెవరికో గుద్ది, కష్టమొస్తే మాత్రం అందరూ అతని గుమ్మంలోకే వచ్చేవారు. అందుకు అతను నవ్వేవాడే గాని ఒక్క మాట అనేవాడు కాదు. అంత పిచ్చిమారాజు.

జనానికి అతను నేర్పింది రెండే మాటలు. లాఠీ లేచిందంటే కూర్చోవాలి. పరిగెత్తేవాణ్ణి పోలీసు వెంటపడి కొడతాడు, కూర్చున్నవాణ్ణి కొట్టడానికి వాడికీ చెయ్యి రాదు. ఇది మొదటిది. రెండోది తొంభైమూడులో దెబ్బలు తిని నేర్చుకున్నది. ఆ ఏడు బస్టాండు దగ్గర ఒక ఎస్సై అతని చెయ్యి వెనక్కి విరిచిపట్టి, “లెమ్మని చెప్పరా నీ వాళ్ళని” అన్నాడు. ఎముక చిటుక్కుమంది. “లేవండి” అని అరిచాడు పెద్దిరాజు. పాపం, లేచారు. లేచినవాళ్ళని బస్టాండంతా తరిమి తరిమి కొట్టారు. ఒక రిక్షావాడికి కన్ను పోయింది. అప్పట్నించీ ప్రతి మీటింగులోనూ చివర అదే చెప్పేవాడు.

“ఓసారి కూచున్నాకా నేను లెమ్మన్నా లేవొద్దండి. నాచేత ఆళ్ళు అనిపిస్తన్నారని తెలుసుకోండి. నేను ఒట్టేసి చెప్పినా నమ్మొద్దు.”

కాలవగట్టు పిల్లలు ఆటల్లో కూడా దీన్ని వాడుకునేవారు. ఒకడు పోలీసు, ఒకడు పెద్దిరాజు. పెద్దిరాజు అయినవాడు లేవండి లేవండి అని ఏడ్చేవాడు, తక్కినవాళ్ళు నేలకి అతుక్కుని కిసకిస నవ్వేవారు. లేచినవాడు ఓడిపోయినట్టు.

ధర్నాల్లో ముందు వరస అచ్చాయమ్మది. చేపల గంప నెత్తిన పెట్టుకుని టౌనంతా తిరిగే మనిషి, ఆవిడ నోటికి మార్కెట్టు మేస్త్రీలు కూడా పక్కకి తప్పుకునేవారు. పెద్దిరాజుని తమ్ముడూ అనేది. ఆవిడ కూర్చుంటే వెనక వందమంది కూర్చునేవారు.

రెండువేల రెండులో కాలవగట్టు మీద పాకలు పీకి దుకాణాల సముదాయం కట్టాలన్నారు. ధర్నాకి ముందురోజు పెద్దిరాజు మామూలుగానే స్టేషనుకి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరు కొత్తవాడు, మహా మర్యాదస్తుడు. లేచి కుర్చీ చూపించాడు.

“ఆయ్, అలాగేనండి పెద్దిరాజుగారూ. తమరు పెద్దలు. తమరు చెప్పినట్టే కానిద్దాం” అన్నాడు.

పన్నెండేళ్ళలో ఖాకీ చొక్కా నోట గారు అన్న మాట వినడం అదే మొదలు. పెద్దిరాజు పొంగిపోయాడు. ఇంటికొచ్చి చెప్పుకుని మురిసిపోయాడు కూడా. ఆ గారుకి ఖరీదెంతో మర్నాడు తెలిసింది.

లాఠీలు లేచాయి. “కూచోండి!” అన్నాడు పెద్దిరాజు. గట్టు మీద జనమంతా ఒక్కసారి కూర్చున్నారు. లాఠీలు ఆగలేదు. కూర్చున్న మనిషి తల లాఠీకి ఎంత అందుబాటులో ఉంటుందో పెద్దిరాజుకి అప్పటిదాకా తోచలేదు. మొదటి దెబ్బ అచ్చాయమ్మ నడినెత్తి మీద పడింది. ముడి ఊడిపోయి, నెత్తురు ముక్కు మీదుగా కారింది. ఆవిడకి కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. పెద్దిరాజు వైపు తిరిగింది.

“కూచునే ఉన్నాను గదా తమ్ముడూ” అంది.

రెండో దెబ్బకి పక్కకి ఒరిగిపోయింది. రాజమండ్రి తీసుకెళ్తుంటే రావులపాలెం చేరకుండానే ప్రాణం పోయింది.

శవం దగ్గర ఆవిడ కూతురు కృష్ణవేణి ఏడవలేదు. “పరిగెడితే మా అమ్మ బతికేదా మావయ్యా?” అని అడిగింది. బతికేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

సగం పాకలు ఆ రోజే పోయాయి. మిగిలిన సగం కోసం వానలు వెళ్ళాక పొక్లెయిను వస్తుందన్నారు. వానలు వెళ్ళగానే జనం మళ్ళీ పెద్దిరాజు గుమ్మంలోకి వచ్చారు. మళ్ళీ అతనే! తల్లి చచ్చిన కోడిపిల్లల్లా నిలబడ్డ ఆ మనుషుల్ని చూస్తే అతనికి భయం వేసింది. రిక్షా తొక్కే రోజుల్లో ఎంత బరువేసినా అంత భయం వెయ్యలేదు. గుడిసెలు పోతే పోనీ, ఇంకొక్క తల పగిలితే తను బతకలేడు. పాకలా, తలకాయలా అంటే తలకాయలే. ఆ మాట మనసులో గట్టిగా అనుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, స్టేషనుకి వెళ్ళాడు.

ఈసారి కుర్చీలో కూర్చోలేదు. “రేపు జనం అడ్డం రారండి. గట్టు మీ ఇష్టం. ఆళ్ళ మీద మాత్రం చెయ్యి పడకూడదు” అన్నాడు.

“అడ్డం రాకపోతే మాకెందుకండీ శ్రమ? కాని మీరు మొన్న పేపర్లలో మమ్మల్ని నానా మాటలూ అన్నారు. కుర్రాళ్ళు మంట మీదున్నారు. వాళ్ళ కచ్చ ఎక్కడో ఒకచోట తీరాలి కదా?”

“నా మీద తీర్చుకోండి. పొక్లెయిను ముందు నేనొక్కణ్ణే కూచుంటాను. నన్ను కొడతంటే చూసి ఆళ్ళే జడిసి సామాన్లు సద్దుకుంటారు.”

ఇన్‌స్పెక్టరు “ఆయ్” అన్నాడు.

పెద్దిరాజు గట్టుకి వచ్చి, రేపు ఎవరూ రోడ్డెక్కొద్దు, సామాను సర్దుకోండి అని పాకపాకకీ చెప్పాడు. స్టేషనులో మాట్లాడిన మాట మాత్రం మింగేశాడు. జనం సరే అనలేదు, కాదనలేదు. కృష్ణవేణి చేపలు కోసే కత్తి రాతి మీద నూరుతోంది.

“మా అమ్మని కూచోబెట్టేరు. నన్ను కూచోబెట్టలేరు మావయ్యా” అంది, తలెత్తకుండా.

“కూచోవద్దమ్మా. నీకు దండం పెడతాను, ఊళ్ళోకి పో” అన్నాడు పెద్దిరాజు. ఆ కత్తే అతనికి ధైర్యం ఇచ్చింది. ఈ పిల్లే కూర్చోనంటే ఇంకెవరు కూర్చుంటారు?

పొద్దున్న పొక్లెయిను వచ్చింది. పెద్దిరాజు నడిచి వెళ్ళి, రోడ్డు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నలుగురు కానిస్టేబుళ్ళు చుట్టూ చేరారు. మొదటి దెబ్బకి భుజం ఎముక విరిగింది. రెండోది చెవి మీద పడి లోకమంతా గుయ్యిమంది. మూడోదానికి నోట్లో పళ్ళు కదిలాయి. కొట్టండి, బాగా కొట్టండి, ఇంకా కొట్టండి అనుకున్నాడు. పన్నెండేళ్ళుగా అచ్చాయమ్మలాంటివాళ్ళ దగ్గర తీసుకున్న నమ్మకానికి ఇది చెల్లింపు అనుకున్నాడు. ఆ నొప్పిలో అతనికి నిజంగా హాయిగా కూడా ఉంది.

అప్పుడు వెనకనించి గాజుల చప్పుడు వినిపించింది. చాలా గాజులు. ఒక్కసారే.

తల తిప్పాడు. పాకల ముందునించి రోడ్డుదాకా జనమంతా కూర్చుని ఉన్నారు. ముందు వరసలో, అచ్చాయమ్మ కూర్చునేచోట, కృష్ణవేణి. చేతిలో కత్తి లేదు. లాఠీ లేచిందంటే కూర్చోవాలి. వాళ్ళకి తెలిసింది అదే, అతను నేర్పింది అదే, ఆ సంగతి మర్చిపోయింది అతనొక్కడే.

“లేవండి!” అని కేకేశాడు. నోట్లోంచి నెత్తురు చింది ఖాకీ ప్యాంటు మీద పడింది. “పారిపోండి! నాచేత ఎవరూ అనిపించట్లేదర్రా, నేనే చెప్తన్నాను! ఒట్టు! లేవండి!”

ఒక్కరూ కదల్లేదు. కృష్ణవేణి పక్కన కూర్చున్న ముసలి వీరాయమ్మ కళ్ళు ఒత్తుకుంది.

“ఎంతగా కొడతన్నారో బాబు, ఒట్టేసి మరీ లెమ్మంటన్నాడు. లేవకండర్రా” అంది.

ఇన్‌స్పెక్టరు విజిలు ఊదాడు. ఒక్కణ్ణే అన్న ఒప్పందం అంతటితో సరి. లాఠీలు జనం మీద పడ్డాయి. కొబ్బరికాయలు పగలగొట్టినట్టు తలలు పగిలాయి. మోచేతులు విరిగాయి. వెనక వరసవాడు వాలితే పక్కవాడు ఆనించుకునేవాడే గాని లేచేవాడు కాదు. పెద్దిరాజు పాక్కుంటూ వెళ్ళి కృష్ణవేణి మీద పడబోయాడు. బూటుకాలు పక్కటెముకల్లో దిగింది. పడినచోటే ఉండి, లేవండి లేవండి అని ఏడ్చాడు, అచ్చం ఆటల్లో పిల్లల్లా.

చివరికి పొక్లెయిను డ్రైవరు ఇంజను ఆపి దిగిపోయాడు. ఇంతమంది మీదనించి నడపడం తన వల్ల కాదని, తాళం రోడ్డు మీద పడేసి నడిచిపోయాడు. నెత్తురు చూసి బజారు మూతపడింది. సాయంత్రానికి పైనించి ఆపమని కబురొచ్చింది. పాకలు నిలబడ్డాయి. వీరాయమ్మ మాత్రం కూర్చున్నచోటునించి మళ్ళీ లేవలేదు.

వారం తిరక్కుండానే కాలవగట్టుకి పెద్దిరాజు పేరు పెట్టారు. రెండు చేతులకీ కట్లతో మంచం మీదున్న అతనికి కృష్ణవేణి అన్నం పట్టుకొచ్చింది. ఆ పిల్ల నెత్తికి పదిహేను కుట్లు.

“మిమ్మల్ని నానా మాటలూ అన్నాను మావయ్యా. మీరే రైటు. కూచునే గెలిచాం” అంది ముద్ద కలుపుతూ. “అంత కొట్టించి మీచేత లెమ్మనిపించినా ఒక్కళ్ళమన్నా లేచేమా, చూసేరా?”

పెద్దిరాజు కళ్ళు మూసుకున్నాడు. ఇంక దాచలేకపోయాడు.

“నాచేత ఎవరూ అనిపించలేదే అమ్మా. గట్టు ఇచ్చేస్తానని ముందురోజే ఒప్పుకుని వచ్చేను. మీరు బతికితే చాలనుకున్నాను. లెమ్మన్నది నేనే. నిజంగా నేనే.”

కృష్ణవేణి అతని వంక ప్రేమగా చూసి నవ్వింది.

“ఇలాగే అంటారని మీరెప్పుడో చెప్పేరుగా. నమ్ముతామేంటి?” అంది. “నోరు తెరవండి.”

పెద్దిరాజు నోరు తెరిచాడు. కృష్ణవేణి ముద్ద పెట్టింది.