జానకిరామయ్య భుజం నొప్పి

కరెంటు బల్బులు కట్టిన ఆ తాటిచెట్టంత వెదురు ప్రభని బండి మీద నిలబెట్టి శివరాత్రి తిరునాళ్ళకి కోటప్పకొండకి లాక్కెళ్ళింది ఊరి కుర్రాళ్ళు. పేరు మాత్రం మాజీ సర్పంచ్ జానకిరామయ్యది. దారిలో ప్రభ బండి గుంటలో దిగబడితే, ఆయనగారు తెల్లచొక్కా నలగకుండా వచ్చి, ముందుకి పొడుచుకొచ్చిన నొగకొయ్యకి భుజం ఆనించి, "ఒరేయ్, ఫోటో తీయండ్రా" అన్నాడు. తీశారు. ఆ వెంటనే బండి ఒక్క ఊపున కదిలి, నొగ కొస ఆయన ఎడమ డొక్కలో పొడిచింది. అది మాత్రం ఎవరూ ఫోటో తీయలేదు.

తెల్లారేసరికి ఎడమ భుజం సలుపు. ఇంకేముంది! "దేవుడి ప్రభ మోసిన భుజం" అంటూ ఊళ్ళో ఫోన్లన్నిట్లో ఆ ఫోటోనే. నాటుకట్టు కట్టే బాబూరావు వచ్చి తడిమి, "ఎముకకేం కాలేదు సర్పంచ్ గారూ" అంటూనే, కట్టకపోతే తిడతాడని కట్టేశాడు. పెద్దమనిషి వసారాలో కుర్చీ వేసుకుని, వచ్చినోళ్ళకల్లా ఆ కట్టు చూపించుకుంటూ కూర్చున్నాడు.

మేనకోడలు భవ్య గుంటూరులో డాక్టరీ రెండో ఏడు చదువుతోంది, శివరాత్రికని వచ్చింది. మామయ్య వేషాలంటే ఆ పిల్లకి ఎప్పుడూ చులకనే. నవ్వుకుంటూ కాఫీ తెచ్చిచ్చింది. ఆయన కట్టున్న చెయ్యే ఏ ఇబ్బందీ లేకుండా లేచి గ్లాసు అందుకుంది. భుజం నొప్పైతే చెయ్యి ఎట్టా లేస్తది?

"పడుకుంటే ఎక్కువవుద్దా మామయ్యా?"

"చానా!"

బండి కదిలినప్పుడు నొగ పొడిచిందని కుర్రాళ్ళు చెప్పిన మాట గుర్తొచ్చి, ఎడమ డొక్క కింద మెల్లిగా నొక్కింది. ఆయన భుజం పట్టుకుని కెవ్వుమన్నాడు. భవ్య నవ్వు ఎగిరిపోయింది. చూస్తే మొహం పాలిపోయి ఉంది, నాడి పరిగెడుతోంది.

"మామయ్యా, ఈ నొప్పి భుజానిది కాదు. ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రమ్ అని ఊపిరాడించే కండరం ఉంటది. తల్లి కడుపులో ఉన్నప్పుడు అది మెడ దగ్గర పుట్టి కిందికి దిగుద్ది, తన నరాన్నీ మెడ నుంచే వెంట తెచ్చుకుంటది. భుజానికి స్పర్శ తెచ్చే నరాలూ మెడలో ఆ చోటు నుంచే వస్తాయి. నొగ తగిలి లోపల ప్లీహం చిట్లినట్టుంది. ఆ రక్తం డయాఫ్రమ్‌కి తగులుతుంటే మెదడు భుజం నొప్పనుకుంటది. పేట ఆసుపత్రికి పోదాం పద."

"పోవే! డొక్కలో దెబ్బకి భుజం నొప్పంట! రేపు పన్ను నొప్పంటే పాదానికి మందు రాస్తావా?" వసారాలో జనం పడీపడీ నవ్వారు. "ఇది దేవుడి పని చేస్తే పట్టిన నొప్పి. దీన్ని డొక్కనొప్పి చేసి నా పరువు తీయమాక."

ఛీ, ప్రాణం పోతుంటే పరువంట! భవ్యకి ఒళ్ళు మండి లోపలికి పోబోయింది. గడప దగ్గర అత్తయ్య రామాయమ్మ నిలబడి ఉంది.

"ఎట్టాగోట్టా తీసుకుపో తల్లీ" అంది.

ఈ మనిషికి నరాల సంగతి చెప్పి లాభం లేదని భవ్యకి అర్థమైంది. వెనక్కి తిరిగింది.

"సరే, ఉండు మామయ్యా. ప్రభల దగ్గర దెబ్బలు తగిలినోళ్ళని చూపించడానికి పేట ఆసుపత్రికి టీవీ వాళ్ళొచ్చారంట. ఆ చెన్నకేశవులు మోకాలు గీరుకుపోతేనే పోయి మంచమెక్కాడంట."

చెన్నకేశవులంటే పోయిన ఎన్నికల్లో ఈయన్ని ఓడించిన మనిషి.

"వాడా!" జానకిరామయ్య కుర్చీలోంచి లేచాడు. "కారు తీయండ్రా!"

పేట ఇంకా రాకముందే తూలి రామాయమ్మ ఒళ్ళో పడ్డాడు. ఆసుపత్రిలో పొట్ట కోసి చూస్తే నిండా రక్తం. చిట్లిన ప్లీహాన్ని తీసేశారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. రామాయమ్మ భవ్యని పట్టుకుని భోరుమంది. అప్పటిదాకా బిగబట్టుకున్న భవ్యకీ ఏడుపు ఆగలేదు. ఎంత వెక్కిరించినా మామయ్యే కదా.

తెలివొచ్చాక జానకిరామయ్య పొట్ట మీది కట్టు చూసుకున్నాడు. తర్వాత భుజం తడుముకున్నాడు. అక్కడేమీ లేదు.

"టీవీ వాళ్ళేరే?"

"వస్తార్లే, పడుకో" అంది భవ్య.

"మరి నా భుజం కట్టేదీ? పొట్ట మీద కట్టు చొక్కా కింద ఎవడికి కనపడుద్ది? తొందరగా కట్టవే!"

పెళ్ళైన కాణ్ణుంచీ మొగుడికి ఎదురు చెప్పి ఎరగని రామాయమ్మ లేచి వెళ్ళి, గుడ్డపట్టీ చుట్ట తెచ్చి భవ్య చేతిలో పెట్టింది.

"కట్టమ్మా. భుజానికి చుట్టంగా మిగిలింది ఆ నోటికి కట్టు."