మూడు వందల రోజులు

పుణెలో కడుతున్న ఓ పెద్ద భవనానికి ఉజ్వలా తాంబే సేఫ్టీ మేనేజర్. ప్రమాదం లేకుండా మూడు వందల రోజులు గడిస్తే కూలీలకు తలా ఒక ప్రెషర్ కుక్కర్ ఇస్తామని కంపెనీ చెప్పింది. సరిగ్గా ఆ మూడు వందలు నిండే ముందు రోజు, ఇనుప చువ్వలు వంచే యంత్రంలో గంగారామ్ అనే కూలీ వేలు నలిగింది.

ఉజ్వల ప్రమాదాల రిజిస్టరు తెరవగానే అతను రెండో చేత్తో దాన్ని మూసేశాడు.

"రాయకక్కా! నా ఒక్కడి వల్ల అందరి కుక్కర్లూ పోతే నన్ను షెడ్డులో ఉండనిస్తారా?"

ఆసుపత్రిలో "తలుపు సందులో పడింది" అన్నాడు. డాక్టరు ఉజ్వల వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

మర్నాడు కుక్కర్లు పంచుతుండగానే ఆమె ప్రాజెక్టు మేనేజరు దేవ్‌ధర్ గదికి వెళ్ళింది.

"సార్, చువ్వల యంత్రానికి అడ్డు రేకు బిగించాలి. చేతులు పోతాయి."

"ఎవరి చెయ్యి పోయింది మేడమ్? మూడొందల రోజుల్లో ఒక్కరికీ గోరు కూడా ఊడలేదని మీరే కదా సంతకం పెట్టారు!" అని ఆయన నవ్వాడు.

గంగారామ్ పేరు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. బయటికొచ్చి, పని ముగిసేదాకా ఆ యంత్రం పక్కనే నిలబడింది.