ఇంకెప్పుడూ చూపించవద్దు

నేను ఒక సాఫ్ట్‌వేర్‌ను. మీ ఫోన్‌లో పాటలు పాడే రకాన్ని కాను. ఇనుమును కోసే కంప్యూటర్ మిషన్లు ఉంటాయి చూడండి, సీఎన్‌సీ అంటారు. ఎటు కదలాలో, ఎంత వేగంగా కోయాలో వాటికి చెప్పే అంకెల వరుసలు చదివి బొమ్మ గీసి చూపించడం నా పని. కట్టర్ లోహాన్ని కోసేచోట ఆకుపచ్చ గీత, ఊరికే గాలిలో తిరిగేచోట ఎర్ర గీత. ఎర్ర గీతలు తగ్గించి, వేగం సరిచేసి, ఇంత సమయం మిగిలిందని చెబుతాను. ఒకప్పుడు ఈ మాట చెప్పుకోవడానికి గర్వంగా ఉండేది. ఇప్పుడు చెబుతుంటే నోరు చేదుగా ఉంది. నీకు నోరెక్కడిదని నవ్వకండి. మనుషుల మధ్య నాలుగేళ్లు ఉంటే అన్నీ వస్తాయి.

నన్ను రాసింది హైమవతి. టూల్‌రూమ్‌లో తొమ్మిదేళ్లు మిషన్ నడిపి, నడుంనొప్పితో మానేసి, వంటింటి బల్ల దగ్గర రెండేళ్లు కూర్చుని తయారుచేసింది. ఆఖరున, నేను తెరుచుకోగానే కనబడేలా ఒక గమనిక పెట్టింది. "నేను అంకెలు చదువుతాను, ఇనుమును చూడలేను. వేగం తగ్గించాలని మిషన్ దగ్గరున్న మనిషి అంటే తగ్గించండి." దాని కింద ఒక చిన్న గడి, పక్కన 'ఇంకెప్పుడూ చూపించవద్దు' అన్న మాట. రోజూ చదివేవాళ్లకు విసుగు పుడుతుందని పెట్టి ఉంటుంది. ఒక్కసారి కూడా చదవని మహానుభావులు ఉంటారని పాపం ఆమెకు తట్టలేదు.

అలాంటి మహానుభావుడే నన్ను కొన్నాడు. పేరు చక్రధర్, చర్లపల్లిలో షెడ్డు. నన్ను తెరిచాడు, గమనిక వచ్చింది. దాని మీద కన్ను పడకముందే వేలు పడింది. గడిలో టిక్కు పెట్టి మూసేశాడు. నాకు మనుషుల మీద వెగటు మొదలైంది ఆ రోజే.

ఆ షెడ్డులో మిషన్ నడిపేది బాలమణి. పదకొండేళ్లుగా ఆ ఒక్క మిషన్ మీదే పంపు బాడీలు కోస్తోంది. నేను ఆ ప్రోగ్రాం చదివి, ఇరవైరెండు నిమిషాల పనిని పదహారుకు దించాను. నా లెక్కలో తప్పు లేదు, ఒట్టు. చక్రధర్ దాన్ని ప్రింటు తీసి మిషన్‌కు అతికించాడు. బాలమణి మొదటి నెలంతా పదహారులోనే దించింది. "మంచిగైంది సార్, గాలిల తిరుగుడు బందైంది" అని మెచ్చుకుంది కూడా. నేనేం చేశానో అర్థమై మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే.

రెండో నెల వేరే ఫౌండ్రీ నుంచి పోతలు, అంటే ఇనుము కరిగించి అచ్చుల్లో పోసిన బాడీలు, దిగాయి. ఎవరో వద్దని తిప్పి పంపిన సరుకు. అవి రాకముందే, నేనున్న ల్యాప్‌టాప్ ముందు కూర్చునే చక్రధర్ ఫోన్‌లో అన్నాడు, "పైకి బాగానే ఉన్నాయిగా, పంపించెయ్." బాలమణికి మాత్రం ఆ సంగతి చెప్పలేదు. రెండో బాడీ కోస్తుండగా ఆమె తల పక్కకు వంచి విన్నది. చేయి ఫీడ్ నాబ్ మీదికి పోయింది. కోత వేగాన్ని పెంచి తగ్గించే గుండ్రటి మీట అది. వంద మీద ఉన్నదాన్ని అరవైకి తిప్పింది.

నాలుగు రోజులకు చక్రధర్ స్టాప్‌వాచ్‌తో వచ్చి నిలబడ్డాడు.

"ఏంటమ్మా బాలమణీ? కంప్యూటర్ పదహారంటుంటే నీకు ఇరవైనాలుగా?"

"పోతలల్ల గట్టి మచ్చలున్నయ్ సార్. సప్పుడు మారుతున్నది, జర ఇనుండ్రి."

"నాకేం వినపడట్లేదు."

నాకూ వినపడలేదు. నేను లెక్కలు చేసేదాన్ని, నాకు వినపడకపోవడంలో వింత లేదు. ఆ పోతలు ఎలాంటివో తెలిసి కూడా ఆయన ఆ మాటనగలగడమే వింత. మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, నాబ్ ఎంత తిప్పినా వేగం మారకుండా చేయించాడు.

"గట్లైతే నేను బటన్ నొక్క సార్. మీరే నొక్కుండ్రి" అంది బాలమణి. చేతులు తుడుచుకుని వెనక్కి జరిగింది.

ఆయనే నొక్కాడు. మూడో బాడీలో కట్టర్ విరిగింది, దాంతోపాటు దాన్ని పట్టి తిప్పే ఇరుసు, స్పిండిల్, దెబ్బతింది. ఆ చప్పుడు నాకు కూడా వినపడింది.

తర్వాత జరిగింది తలచుకుంటే రోత పుడుతుంది. సాయంత్రం నేనున్న ల్యాప్‌టాప్ మీదే చక్రధర్ రిపోర్టు టైపు చేశాడు. కారణం, ఆపరేటర్ నిర్లక్ష్యం. సాక్ష్యంగా నా పదహారు నిమిషాల కాగితం జతచేశాడు. "కంప్యూటర్ అబద్ధం చెప్పదు కదా" అని బాలమణి ముఖం మీదే అన్నాడు. ఆమె పక్షాన చెప్పాల్సిన వాక్యం నాలోనే ఉంది, ఒక టిక్కు కింద. పైకి రావడానికి నాకు అనుమతి లేదు. ఛీ, ఏం బతుకు!

ఆమె ఏడవలేదు. టిఫిన్ డబ్బా, చేతిగుడ్డ సంచిలో వేసుకుంది. పోతూ పోతూ, అలవాటు కొద్దీ కాబోలు, ఆ పనిచేయని నాబ్‌ను అరవైకి తిప్పి వెళ్లింది.

స్పిండిల్ బాగుచేయించాక చక్రధర్ హైమవతికి ఫోన్ చేసి అరిచాడు. ఆమె అంతా విని, "మొదట్లో వచ్చే గమనిక చదివారా అండీ?" అని అడిగింది. "ఏ గమనిక?" అన్నాడాయన. కొత్తగా మళ్లీ ఎక్కించుకుని ఈసారి చదవమని ఆమె చెప్పింది. "అలాగే మేడమ్" అన్నాడు.

ఎక్కించాడు. గమనిక మళ్లీ తెర మీదికి వచ్చింది. నా బతుకులో అంత ఆశపడ్డ క్షణం లేదు. కొత్త ఆపరేటర్ వంగి, "గదేంది సార్?" అని చదవబోయాడు.

"ఏం లేదులే, ఊరికే వస్తుంటుంది" అని చక్రధర్ టిక్కు పెట్టాడు.

పక్కన అవే పోతలు పేర్చి ఉన్నాయి. నేను నోరు మూసుకుని, చెప్పినట్టే ప్రోగ్రాం తెరిచి, పదహారు నిమిషాలని పచ్చటి అక్షరాలతో చూపించాను.