ఫిబ్రవరి గూని

డిపార్ట్‌మెంటులో అందరూ ఆమెను చైనాపిల్ల అంటారు. బిజినెస్ మేనేజ్‌మెంటులో పీజీ చేస్తూ, చైనా ఆర్థిక వ్యవస్థ మీదే థీసిస్ రాస్తానని పంతం పట్టి, అందుకోసం ఆ భాష కూడా రెండేళ్లపాటు నేర్చుకుంది. దాంతో ఆ పేరు అతుక్కుపోయింది. మనమూ అలాగే పిలుద్దాం, ఏమీ అనుకోదు. అనుకునే ఓపిక కూడా ఈమధ్య ఆమెకు లేదు.

ఓపికంతా గైడు సంతకం కోసం తిరగడంతోనే హరించుకుపోయింది. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు థీసిస్ ఇవ్వకపోతే ఇంకో ఆరు నెలలు ఆగాలి. బుధవారం వచ్చేసింది. గైడు గది తలుపుకు ‘మీటింగులో ఉన్నారు’ అన్న అట్టముక్క వేలాడుతూనే ఉంది. లోపలినుంచి ఆయన దగ్గు మాత్రం వినిపిస్తోంది.

థీసిస్ చివరి ప్రతి ఆయన బల్లమీద పడి మూడు వారాలైంది. పేజీ తిప్పిన జాడ లేదు. అందులో ఆయనకు ఇష్టమైంది నాలుగో చాప్టరు. అక్కడొక గ్రాఫ్ ఉంది. చైనా ఫ్యాక్టరీల ఉత్పత్తి గీత ఏడాది పొడుగునా బుద్ధిగా నడిచి, ప్రతి ఫిబ్రవరిలోనూ గూనిలా పైకి లేస్తుంది. వసంతకాలపు ఆర్డర్ల తొందర వల్లే ఆ గూని అని చైనాపిల్ల నలభై పేజీలు రాసింది. అదే గూని మీద గైడు నాలుగేళ్ల కిందట ఒక పత్రికలో వ్యాసం వేయించుకున్నాడు. అంకెల పట్టిక ఇచ్చిందీ ఆయనే. జనవరి గడి ఖాళీగా ఉందేంటి సార్ అని అప్పట్లో అడిగితే, “డిసెంబరు అంకె వేసెయ్ అమ్మా, అందరూ చేసేదదే,” అన్నాడు. ఆమె వేసేసింది.

ఆ మధ్యాహ్నం ఉసూరుమంటూ ఇల్లు చేరింది. ఇల్లంటే పిన్ని గొడుగుల కొట్టు మీది గది. అట్టపెట్టెల మధ్యనుంచి ఒళ్లు ముడుచుకుని మెట్లెక్కాలి. ఆరోజు ఎక్కే ఓపిక లేక ఒక పెట్టె మీదే కూలబడింది. బేరాల్లేక ఈగలు తోలుకుంటున్న పిన్ని, ఆమె ఒళ్లో ఉన్న థీసిస్ రెండో ప్రతి లాక్కుని పేజీలు తిరగేసింది.

“ఇదేంటే, ఈ గీతకి గూనొచ్చింది?”

“ఫిబ్రవరి పిన్నీ. అప్పుడు అక్కడి ఫ్యాక్టరీలు రెట్టింపు పని చేస్తాయి.”

“ఎక్కడి ఫ్యాక్టరీలే? నాకు గొడుగులు పంపేవాళ్లయితే వాళ్ల కొత్త సంవత్సరమని తాళాలేసుకుని ఊళ్లకి పోతారు. జనవరి ఆఖరో, ఫిబ్రవరో, ఏడాదికో తేదీ. ఫోన్లు కూడా ఎత్తరు. అందుకేగా నేను డిసెంబరులోనే రెండింతల సరుకు దింపించుకునేది.”

“నీ గొడుగుల కొట్టూ, దేశం మొత్తం ఉత్పత్తీ ఒకటేనా పిన్నీ?” అని చైనాపిల్ల విసురుగా థీసిస్ లాక్కుని పైకెళ్లిపోయింది.

వెళ్లిందే గానీ కుదురుగా కూర్చోలేకపోయింది. సెలవుల సంగతి ఆమెకూ తెలుసు. సెలవులు కాగానే పని విరగబడి చేస్తారని తనే సర్దిచెప్పుకుంది. కానీ రెట్టింపా? కంప్యూటరు తెరిచి, గైడు ఇచ్చిన పట్టిక పక్కన పెట్టి, చైనా ప్రభుత్వం వేసిన అసలు పట్టికను వెతికి పట్టుకుంది. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఒక చైనా వాక్యం ఉంది. జనవరి అంకెలు విడిగా ఇవ్వబడవు, ఫిబ్రవరి గడిలో ఉన్నది రెండు నెలల మొత్తం అని దాని సారాంశం. గైడు పట్టికలో ఆ వాక్యం లేదు. గడులు మాత్రం దించుకుని, అడుగు వదిలేశారు.

ఆమె ఆ మొత్తాన్ని రెండు నెలలకూ సమంగా పంచి చూసింది. గూని మాయమై, ఆ చోట చిన్న గుంట పడింది. నలభై పేజీలూ నీళ్లపాలు. ఆ భాష నేర్చుకున్నందుకు రెండేళ్లలో పనికొచ్చింది ఈ ఒక్క వాక్యం, అదీ ఇప్పుడు. ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

గురువారం పొద్దున్నే అట్టముక్కను లెక్కచేయకుండా గైడు గదిలోకి వెళ్లింది. ఆయన రెండు గ్రాఫులూ చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. లేచివెళ్లి తలుపు వేసి వచ్చాడు.

“ఇంకెవరికైనా చెప్పావా?”

“లేదు సార్. మార్చి ఇస్తాను.”

“ఏం మారుస్తావమ్మా? నా వ్యాసం అచ్చయి నాలుగేళ్లయింది. ఎవడూ అడగలేదు. నీకు డిగ్రీ కావాలా, ఫిబ్రవరి కావాలా?” అంటూనే ‘ఈ థీసిస్‌ను నేను ఆసాంతం చదివి ఆమోదించాను’ అన్న కాగితం ముందుకు లాక్కుని సంతకం గీకేశాడు. మూడు వారాలుగా కాళ్లరిగేలా తిరిగినా దొరకని సంతకం అర నిమిషంలో పడిపోయింది.

వరండాలో నిలబడి ఆమె ఆ కాగితాన్ని మళ్లీ చదివింది. చదవని మనిషి చదివానని రాసిచ్చాడు. సరే, ఆయన చదవకపోతే తనైనా చదివి రాస్తుంది. ఆరోజంతా కూర్చుని నాలుగో చాప్టరును మళ్లీ రాసింది. నలభై పేజీలు ఆరయ్యాయి. పాత పట్టిక ఎక్కడ తప్పిందో, ఆ తప్పు తను ఎలా మోసిందో కూడా అందులో దాచకుండా పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆ ఆరు పేజీలూ తీసుకుని గైడు గదికి వెళ్లింది. అట్టముక్క వేలాడుతోంది. తలుపు తట్టింది. దగ్గు వినిపించింది, తలుపు తెరుచుకోలేదు. ‘చాప్టరు మార్చాను సార్, ఒప్పుకోకపోతే నాలుగున్నరలోపు చెప్పండి, సంతకం వెనక్కిస్తాను’ అని పైన రాసి, పేజీలు తలుపు కిందినుంచి లోపలికి తోసింది. నాలుగున్నర దాకా అక్కడే వరండాలో బల్లమీద కూర్చుంది. ఎవరూ పిలవలేదు. ఐదుకు పది నిమిషాలుండగా ఆఫీసులో థీసిస్ ఇచ్చేసింది. వైవా రోజున ఆయన ఎదురుగానే కూర్చుంటాడు. ఏమంటాడో తలచుకుంటే ఆమెకు భయంగానే ఉంది.

కొట్టుకొచ్చేసరికి పిన్ని గొడుగులు తెరిచి దుమ్ము దులుపుతోంది.

“ఇచ్చేశావా? ఇంతకీ రెండేళ్లు చదివి ఏం తేల్చావే?”

“ఫిబ్రవరిలో విశేషమేమీ లేదని.”

“నన్నడిగితే మొదట్లోనే చెప్పేదాన్ని కదే,” అంది పిన్ని. దెప్పడానికి కాదు, మామూలుగానే అంది.

చైనాపిల్ల పెట్టె మీద కూర్చుంది. రెండేళ్లుగా రోజూ ఈ పెట్టెల మధ్యనుంచే పైకెళ్లి చైనా గురించి చదివింది. ప్రతి పెట్టె పక్కనా తను చదవగలిగిన అక్షరాల్లోనే, ఫ్యాక్టరీలో సరుకు తయారైన నెల అచ్చువేసి ఉంది. వంగి వరసగా చదివింది. అక్టోబరు, నవంబరు, నవంబరు, డిసెంబరు. ఆ తర్వాత ఏకంగా మార్చి.

“అడగాలని తట్టలేదు పిన్నీ,” అంది.