రాసినంత మేరకే

ఫౌండేషన్ వాళ్ళకు పేదవాళ్ళు పేదవాళ్ళైతే చాలదు, చదవడానికి కూడా బాగుండాలి. పెట్టిన దరఖాస్తులన్నీ తిరిగొచ్చాక గానీ ఉచిత భోజనశాల గుమస్తాకు ఈ సంగతి తలకెక్కలేదు. ఈసారీ సాయం అందకపోతే భోజనశాలకు తాళమే. రోజూ ఆ బల్లల ముందు కూర్చునే జనం తర్వాత ఎక్కడ తింటారో ఎవరికీ తెలియదు.

దరఖాస్తులో 'ఒక లబ్ధిదారు కథ' రాయమన్నారు. గుమస్తా అడిగి చూశాడు. ఒకాయన సిగ్గుతో తల దించుకున్నాడు. ఒకావిడ, "నా బతుకుతో నీకేం పనయ్యా, గరిటె కాస్త నిండుగా పెట్టు" అంది. ఇక లాభం లేదని అతనే ఒక ఆడమనిషిని పుట్టించాడు. లాండ్రీలో ఇస్త్రీ యంత్రం కింద ఎడమచేతి వేళ్ళు రెండు పోగొట్టుకున్న మనిషి. ఇల్లు లేదు, నా అన్నవాళ్ళు లేరు, ఎంత తిన్నా ఆకలి తీరదు.

చదివి, భోజనశాల నడిపే పెద్దమ్మ కళ్ళు ఒత్తుకుంది. కల్పించానని ఆమెకు చెప్పడానికి గుమస్తాకు నోరు రాలేదు.

ఓ మధ్యాహ్నం ఫౌండేషన్ అధికారిణి తనిఖీకి వచ్చింది. "కథలో ఆవిడను ఒకసారి చూపిస్తారా?"

గుమస్తా ఇవాళ రాలేదండీ అనబోతుండగా చివరి బల్ల దగ్గర ఒక చెయ్యి లేచింది. ఎడమచెయ్యి. దానికి మూడే వేళ్ళున్నాయి.

"నేనేనమ్మా" అందామె. తన కథ పొల్లుపోకుండా చెప్పింది, అతను కామా పెట్టిన చోటల్లా ఊపిరి తీసుకుంటూ.

అధికారిణి తృప్తిగా లేచింది. "దాదాపు ఖాయమే అనుకోండి. ఇంకేమైనా చేర్చాలంటే రేపటిలోగా పంపండి."

"ఇన్నాళ్ళూ ఈవిడను ఎక్కడ దాచావురా?" అని పెద్దమ్మ మురిసిపోయింది.

అందరూ వెళ్ళాక గుమస్తా ఆమె దగ్గరికి వెళ్ళాడు. "ఎవరమ్మా నువ్వు?"

"నన్నడుగుతావేంటయ్యా? నువ్వు రాసిందే కదా నాకు తెలిసేది." ఖాళీ కంచం ముందుకు జరిపింది. "ఇంకాస్త పెట్టు."

"హాలు కడగాలి. ఇంటికి వెళ్ళవా?"

"ఏ ఇల్లు? లేదని రాశావుగా." ఆ గొంతులో కోపం లేదు. ఉంటే అతనికి అంత భయం వేసేది కాదు. "ఇల్లు అడగన్లే, మీకు డబ్బు రాకుండా పోతుంది. ఒక తోడునైనా రాయకపోయావా? చెల్లెలో, ఎవరో ఒకరు."

అతను తలుపు వేసుకుని కాగితం ముందు కూర్చున్నాడు. చెల్లెలు పక్క వీధిలో ఉంటుందని, నవ్వితే బుగ్గ సొట్టపడుతుందని రాశాడు. రాసి భయపడ్డాడు. తోడుందంటే జాలి తగ్గుతుంది, జాలి తగ్గితే తాళం. అంతా కొట్టేసి, 'ఈమెకు ఒక చెల్లెలు ఉంది' అన్న ముక్క మాత్రం పంపాడు.

సాయం మంజూరైంది. పెద్దమ్మ ఆ ఉత్తరం అందరికీ చదివి వినిపించింది. వింటూనే గుమస్తా చివరి బల్ల వైపు చూశాడు. అక్కడ ఇద్దరు కూర్చున్నారు. రెండో మనిషి ముఖం ఎంత చూసినా చూపుకు ఆనడం లేదు.

ఆ ముఖం ఉండాల్సిన చోట చెంచా అటూ ఇటూ తిప్పుతూ అక్క మెల్లగా అడుగుతోంది, "నోరెక్కడే, చెల్లీ?"