పీచుమిఠాయి సీను

పొద్దున బట్ట నేసే సాంచాల చప్పుడు మొదలైనంక రవళి దువ్వెన పట్టుకొని గడప మీద కూసుంటది. కింది మెట్టు మీద వాళ్లక్క తిరుమల కూసుంటది. రవళి ఇంటర్ రెండో ఏడు, తిరుమల ఏడో తరగతి. చెల్లె అక్కకు రెండు జడలేసి, ఎర్ర రిబ్బన్లు మడిచి కట్టి, "లే, అయిపోయింది" అంటది. అక్క లేవంగనే కాలు దేనికో ఒకదానికి తగులుతది. చెంబుకో, చాటకో, లేకుంటే తన బ్యాగుకే. లోపటి నుంచి వాళ్లను కన్న అవ్వ మమతారాణి "ఏం పడ్డది?" అని అడిగి, జవాబు రాకముందే "పడనియ్" అంటది.

మెట్‌పల్లిల గా వాడకట్టోళ్లకు ఇదేం వింత కాదు. బడికి పోయే తోవల తిరుమలతోటి ఏడు చదివిన సంపత్ మొబైల్ షాపు పెట్టుకున్నడు. ఆమెను చూసి "ఏం చదువుతున్నవ్ పాపా" అని, అంతల్నే నాలిక కరుచుకొని షట్టర్ దిక్కు తిరుగుతడు. తిరుమల తల వంచుకొని పోతది. తల వంచుకొని నడిస్తే ఎదురుంగ వచ్చేది కనిపించదు గద, కరెంటు స్తంభానికి భుజం కొట్టుకుంటది. షాపు కాడ నిలబడ్డోళ్లు నవ్వుతరు.

ఆమె నిజంగ పన్నెండేండ్ల పిల్లగ ఉన్నప్పుడు, హైదరాబాద్ నుంచి భానుప్రసాద్ అనే డైరెక్టర్ వాళ్ల బడికి వచ్చిండు. పిల్లల ఛానల్ల నవ్వుల సీరియల్ తీస్తుండట. యాడ నిలబడాల్నో తెల్వని, ఏం మాట్లాడినా తప్పే పోయే ఒక ఏడో తరగతి పిల్ల కథ. మంచిగ మాట్లాడే పిల్లలంత వరుసగ పద్యాలు చెప్పిన్రు, డాన్సులు చేసిన్రు. తిరుమలను ఎవరూ పిలువలే. మైకు వైరు పక్కకు జరపమని సారు చెప్తే స్టేజీ ఎక్కింది. వైరు కాలికి చుట్టుకొని మైకుతో సహా బోర్ల పడ్డది. లేచి, ఏం చెయ్యాల్నో తోచక, జనానికి వీపు పెట్టి వెనుక పరదాకు దండం పెట్టింది. బడంత ఒక్కటే నవ్వు. భానుప్రసాద్ నవ్వలే, కుర్చీల నుంచి లేచిండు.

"ఈ అమ్మాయే," అన్నడు. దగ్గరికొచ్చి, ఆమె మోకాలి మీద దుమ్ము దులిపి, "నువ్వు ఇలాగే ఉండు తల్లీ, ఏమీ మార్చుకోకు," అని చెప్పిండు.

సీరియల్ పేరు 'అయ్యో కుందనా'. కుందన అంటే తిరుమలనే. ఆమెకు నటించుడు ఎవరూ నేర్పలే. పళ్లెం చేతికిచ్చి నడువుమంటే పళ్లెం పడేది, అంతే, షాట్ ఓకే. మొదటిసారి ఇంట్ల టీవీ ముందు కూసుని చూసినప్పుడు, తను పడంగనే గుంపు మొత్తం నవ్వినట్టు నవ్వు వినబడ్డది. షూటింగ్ కాడ ఎవరూ నవ్వలే. ఆమెకు సమజ్ కాలే.

"గింతమంది యాడ కూసున్నరు బాపూ?"

"ఎవ్వరూ లేరు బిడ్డా. గా నవ్వు వాళ్ల దగ్గర ఉంటదట, తర్వాత కలుపుతరట," అన్నడు అంబదాస్.

సీరియల్ పిల్లలకు బాగ నచ్చింది. రెండేండ్లు పోయినా తిరుమల చెప్పుల సైజు మారలే. మమతారాణి జగిత్యాలకు తీస్కపోయి లేడీ డాక్టర్‌కు చూపిచ్చింది. డాక్టరమ్మ బిడ్డ నాలిక చూసి, కండ్లు చూసి, "సీరియల్ ఇంకా వస్తుందా?" అని అడిగింది.

"రోజూ వస్తది మేడం."

"మరి వస్తున్నన్ని రోజులు ఇట్లనే ఉంటది గదమ్మా," అని రక్తానికి గోలీలు రాసి, ఇంకొకరిని పిలిచింది.

ఆ సీరియల్‌ల ఉన్నోళ్లందరికీ అట్లనే ఉన్నది. కుందన క్లాసు పిల్లలు వేసినోళ్లు ఎవరి ఊర్ల వాళ్లు పొట్టి లాగులేసుకొని తిరుగుతున్నరు. టీచర్ వేషం వేసినామె ఒక్కతెకే ఎంత సంతోషమో, గా సీరియల్ ఎన్నటికీ ఆపద్దని ఛానలోళ్లకు మొక్కుకుంటదట. షూటింగ్ ఎప్పుడో అయిపోయింది. అయినా వేసినయే మళ్ల మళ్ల వేస్తనే ఉన్నరు.

ప్రతి జూన్‌ల తిరుమల ముందు కొత్త పిల్లలు వచ్చి కూసుంటరు. పాఠాలన్నీ ఆమెకు నోటికొచ్చు. కాని సారు లేపి అడిగితే, తను నోరు తెరువకముందే క్లాసంత నవ్వుతది. ఆ నవ్వుల చెప్పాల్సింది మరిచిపోతది. ఇంటికొచ్చినంక బాత్రూంల నల్లా ఇప్పుకొని ఏడుస్తది. బకెట్ నిండి పొర్లిపోతున్నా మమతారాణి ఏమనదు. లోపట ఎదుగుతున్న పిల్లను బయట పన్నెండేండ్ల మొఖంతోటి చూసుడు ఆ తల్లికి రోజూ ఉండేదే.

అంబదాస్ సంగతి వేరే. ఆయన చిన్నప్పటి సంది సాంచాల షెడ్డులనే పని చేసిండు. షూటింగులు నడిచే రోజులల్ల ఒకసారి దగ్గు ఆగక కరీంనగర్‌ల చూపెట్టుకుంటే, ఊపిరితిత్తులు దుమ్ముతో గట్టిపడ్డయని, ఇంకో రెండు వానకాలాలు చూస్తే ఎక్కువని డాక్టర్ చెప్పిండు. గా వారమే హైదరాబాద్‌ల షూటింగ్ ఉన్నది. బిడ్డకు తోడు ఆయనే పోయిండు. గల్లీల పీచుమిఠాయి అమ్మేటాయన వేషం వేసేటోడు రాలే. భానుప్రసాద్ చుట్టూ చూసి, "అంబదాస్ గారూ, మీరు నిలబడతారా?" అన్నడు. గులాబి రంగు పీచుమిఠాయి కట్టెకు గుచ్చుకొని అంబదాస్ గోడ పక్కన నిలబడ్డడు. కుందన ఉరికొచ్చి గుద్దుకుంటది, జడలకు మిఠాయి అంటుకుంటది, ఆయన దగ్గుకుంట "అయ్యో బిడ్డా" అంటడు. అంతే సీను.

ఆ తర్వాత ఆయన దగ్గు పెరుగలే, తరుగలే. అదే షెడ్డుల, అదే బీమారి ఉన్న హనుమండ్లు మరుసటేడు ఎండకాలంల పోయిండు. అంబదాస్ సాంచా నడుపుకుంటనే ఉన్నడు. ఏటేటా కరీంనగర్ పోతే డాక్టర్ పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే లైటు ముందు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తడు. ఇసుమంత తేడా ఉండదు.

"మీ సీను ఇంకా వస్తోందా?"

"వస్తుంది సార్."

"అయితే వచ్చే ఏడు రండి."

ఇంట్ల ఈ ముచ్చట ఎవరూ పైకి తియ్యరు. కాని ఆ ఎపిసోడ్ వచ్చే రోజు మమతారాణి టీవీ మీది దుమ్ము చీర కొంగుతో తుడుస్తది, కరెంటు పోతే పరేషాన్ అయితది.

ఆ ఏడు దసరా సెలవుల్ల భానుప్రసాద్ మెట్‌పల్లి వచ్చిండు. చాప మీద కూసుని, తిరుమల మొఖం దిక్కు చూడకుండనే మాట్లాడిండు.

"పాత ఎపిసోడ్లు ఇక ఆపేస్తారటమ్మా, చూసేవాళ్లు తగ్గారని. కొత్త సీజను తీస్తే దాంతోపాటు పాతవీ వేస్తామంటున్నారు. లేదంటే ఈ నెలాఖరుతో సరి. నీ వయసు లెక్కన నీ సంతకం ఒక్కటే చాలు. బలవంతమేం లేదు తల్లీ."

ఆపేస్తరు అన్న మాట కోసం తిరుమల ఎన్నేండ్ల సంది మొక్కుకున్నదో ఆమెకే తెల్సు. అంతల్నే వాకిట్ల నుంచి దగ్గు వినబడ్డది. అదే దగ్గు, ఎప్పటంతనే.

"చేస్త సార్," అన్నది.

అంబదాస్ లోపటికొచ్చి, బిడ్డ చెయ్యి పట్టుకొని పెరట్లకు తీస్కపోయిండు.

"ఎందుకు ఒప్పుకున్నవ్?"

"నాకు ఇష్టమే బాపూ."

"నా మొఖం చూసి చెప్పు."

ఆమె ఆయన అంగీ గుండీ చూసుకుంట చెప్పింది. "ఇష్టమే. నాకేం కష్టమైతుంది? బడికి పోతున్న, అన్నం తింటున్న."

"రేపు రవళికి పిల్లలు పుడ్తరు. ఆ పిల్లలు నీతోని ఏడు చదివి, నిన్ను దాటి పోతరు. నేను గోడకు ఆనుకొని దగ్గుకుంట చూడాల్నా?"

"చూడు. నువ్వుంటే చాలు."

"తిరుమలా..."

"నువ్వు చస్తవు బాపూ!" అని ఆమె గట్టిగ అన్నది. గొంతు చిన్నపిల్లది, కీచుమన్నది. పక్కింటి పెరట్ల బట్టలారేస్తున్న బుచ్చవ్వ అవతల్నే ఆగిపోయింది. అంబదాస్ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి, తీసి, డైరెక్టర్‌ను కారు దాక సాగనంపుతనని పోయిండు.

తిరుమల దర్వాజ కాడ నిలబడి చూసింది. కారు పక్కన బాపు ఏదో చెప్పిండు. భానుప్రసాద్ అడ్డంగ తలూపిండు. బాపు మళ్ల చెప్పిండు. భానుప్రసాద్ కండ్లద్దాలు తీసి, చాన సేపు తుడుచుకొని, బాపు చెయ్యి పట్టుకున్నడు.

"అవ్వా, నేను చేసింది మంచిదే గదనే?" అని లోపటికొచ్చి అడిగింది.

మమతారాణి బియ్యం ఏరుతున్నది. తల ఎత్తలే. "నన్ను అడుగకు బిడ్డా. ఎటు చెప్పినా నాకు పాపమే," అన్నది.

పీచుమిఠాయి ఎపిసోడ్ గా వారంలనే వచ్చింది. అలవాటు చొప్పున నలుగురూ టీవీ ముందు కూసున్నరు. కుందన గల్లీ మూల తిరిగింది. ఉరుకొస్తున్నది. ఒక్కసారి బొమ్మ ఎగిరినట్టయ్యింది. మరుక్షణం కుందన ఇంట్ల అద్దం ముందు నిలబడి జడలకంటుకున్న గులాబి పీచు పీక్కుంటున్నది. యాడ అంటిందో, ఎట్ల అంటిందో లేదు. గోడ లేదు, గోడ పక్క మనిషి లేడు. నవ్వు మాత్రం వచ్చింది.

రవళి "గదేంది, గా సీనేది?" అని బాపు దిక్కు తిరిగింది. అంబదాస్ జొన్నరొట్టె తుంచుకొని తింటున్నడు.

"నేనే తీపిచ్చిన," అన్నడు. "కూర జర ఉప్పయ్యింది."

మమతారాణి లేచి లోపటికి పోయి, పొయ్యి ముందు కూసుని కొంగు నోట్ల కుక్కుకున్నది. తిరుమల ఫోన్ తీసి వాకిట్లకు ఉరికింది, గడప తన్నుకొని పడ్డది, పడ్డకాడ్నే కూసుని భానుప్రసాద్‌కు కలిపింది.

"సార్, మా బాపు సీను మళ్ల పెట్టున్రి సార్. నేను వస్త. ఎన్నేండ్లంటే అన్నేండ్లు చేస్త."

"ఆ ముక్క ఇప్పుడు ఎక్కడా లేదమ్మా," అన్నడు భానుప్రసాద్. "మొత్తం తుడిచెయ్యమన్నారు మీ నాన్నగారు. అది మిగిలితే సీరియల్ ఆపడానికి నువ్వు ఒప్పుకోవని. నేను వద్దని చెప్పాను తల్లీ. మూడుసార్లు చెప్పాను."

ఆమె బాపుతోటి మాట్లాడుడు బందు పెట్టింది. ఆయన పిలిస్తే పలుకలే, ఆయన తెచ్చిన మిర్చీ బజ్జీలు ముట్టలే. సంతకానికి రమ్మన్న రోజు హైదరాబాద్‌కు పోలే. ఇంక ఎవరి కోసం పోవాలె? నెలాఖరుకు 'అయ్యో కుందనా' ఆగిపోయింది. దాని జాగల బొమ్మల సీరియల్ వేసిన్రు.

సంక్రాంతి దాటినంక ఆమె కాళ్లల్ల నొప్పి మొదలయ్యింది. పిక్కల ఎముకలను ఎవరో పట్టి గుంజుతున్నట్టు నొప్పి. వద్దన్నా వినకుండ అంబదాస్ మంచం మీద కూసుని, ఆమె కాళ్లు ఒళ్లె పెట్టుకొని నువ్వుల నూనె రాసిండు. రాసుకుంట దగ్గుతున్నడు. దగ్గు మారింది. ఒకసారి మొదలైతే ఆయన నడుం వంగిపోతున్నది.

"బాగ గుంజుతుందా?"

ఆమె చాన రోజులకు నోరు తెరిచింది. "ఆ."

"గుంజనియ్," అన్నడు. ఆయన మొఖంల ఏదో కనబడ్డది. గట్ల మురిసిపోయిన మొఖం ఆమె ఎన్నడూ చూడలే. గా మొఖం చూడలేక తల పక్కకు తిప్పుకొని ఏడ్చింది. ఆయన నూనె రాసుడు ఆపలే.

గౌన్లు పొట్టిగైనయ్, మూడు నెలలకు రవళి డ్రెస్సులు పట్టినయ్. బడికి పోవుడు మానేసి, పదో తరగతి పరీక్ష ఇంట్లనే చదువుకొని రాస్తనని ఫీజు కట్టింది. ఇప్పటికీ ఆమె చేతుల నుంచి గిలాస జారుతది. నడుస్తుంటే ఏదో ఒకటి తగులుతది. కొత్తగ పొడుగైన కాళ్లు యాడ పెట్టాల్నో ఇంకా తెల్వదు. అంబదాస్ సాంచా కాడికి పోవుడు బందయ్యింది.

వానలు మొదలైనంక ఆయనను కరీంనగర్‌కు తిరుమలనే తీస్కపోయింది. డాక్టర్ పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే లైటు ముందు పెట్టిండు. ఒకదాని మీద ఒకటి పెట్టలే, పక్కపక్కన పెట్టిండు. చాన సేపు చూసి, మందుల చీటీ రాసి, "నొప్పి ఉంటే ఇవి వెయ్యమ్మా," అని తిరుమలకు ఇచ్చిండు. వచ్చే ఏడు రమ్మని అనలే.

సాయంత్రం బస్సుల జనం ఎక్కువున్నరు. కిటికీ పక్కన బాపును కూసుండబెట్టి ఆమె పక్కన కూసున్నది. గంగాధర ఊరు దాటంగనే ఆయనకు నిద్ర పట్టింది. తల కిటికీ చువ్వకు కొట్టుకుంటుంటే, ఆమె మెల్లగ ఇటు దిక్కు తిప్పుకున్నది. తల వచ్చి ఆమె భుజం మీద ఆగింది. ఆయన కండ్లు తెరువకుండనే అడిగిండు.

"బరువైతుందా బిడ్డా?"

"లేదు బాపూ. పండు."

పిక్కలల్ల నొప్పి లేచింది. కాళ్లు చాపుదమంటే ముందర సీటు అడ్డమున్నది. వాన చినుకులు కిటికీల నుంచి మీద పడుతున్నయ్. ఆయన తల కదులొద్దని ఆమె కిటికీ మూయలే, కాళ్లు కదుపలే. మెట్‌పల్లి వచ్చేదాక అట్లనే, మెడ నిలబెట్టుకొని, కూసున్నది. ఆ తర్వాత అంబదాస్ మళ్ల బస్సెక్కలే.