రెండు పెట్టెల్లో ఒకటి

ఆ శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ఐదుగురు. వంటగదిలో మొక్కజొన్న పిండిలో క్యాట్‌ఫిష్ ముక్కలు పొర్లిస్తూ హెస్టర్ అమ్మమ్మ. ముందుగదిలో సోఫా మీద, వాచిన బుగ్గకు ఐసు సంచి ఆనించుకుని డెల్మార్ మామయ్య. అతని ఎదురుగా గిటారు తీగలు సవరిస్తూ అతని బృందంలోని వెండెల్. డ్రమ్ముల వెనక, ఎప్పట్లాగే ఏదో ఒకటి నములుతూ అదే బృందంలోని పీట్రీ. వెనక పడకగదిలో తలుపు వేసుకుని టోనియా.

టోనియాకు పదహారేళ్లు. నలుగురిలో నోరు విప్పాలంటే అరచేతులకు చెమట పట్టే పిల్ల. మౌత్ ఆర్గన్ పెదాల మీద పెట్టుకుంటే మాత్రం ఆ భయం ఎటు పోయేదో పోయేది. డెల్మార్ మామయ్య ప్రతి శనివారం రాత్రీ హైవే పక్కన రోజెట్టా క్లబ్బులో మౌత్ ఆర్గన్ వాయిస్తాడు. మొన్న దవడ పన్ను పీకించుకున్నాడు. బుగ్గ బన్నులా పొంగింది. ఊదడం మాట అటుంచి, సూపు తాగడమే గగనంగా ఉంది. ఇంకెవరూ దొరక్కపోయేసరికి, "ఇవాళ్టికి నువ్వు రావే" అన్నాడు. ఆ మాట కోసం టోనియా ఎన్నాళ్ల నుంచి కాచుకుని ఉందో ఆయనకు తెలియదు.

మంచం మీద ఆమె ముందు రెండు చిన్న ఇనుప పెట్టెలు ఉన్నాయి. మైకుకూ, శబ్దం పెంచే యాంప్‌కూ మధ్యలో తగిలించి, కాలితో నొక్కే పెట్టెలు. రెండూ తాకట్టు కొట్టులో ఎవరో వదిలేసుకున్నవి, రంగు రాలినవి. కొత్తవైతే ఆమెకు అందేవి కావు. ఒకటి రివర్బ్. దాన్ని పెడితే ఖాళీ గోదాములో నిలబడి ఊదినట్టు ప్రతి స్వరం వెనకా దాని నీడ సాగుతుంది. రెండోది తిరిగే స్పీకర్ శబ్దాన్ని తెచ్చేది. వాళ్ల చర్చిలో ఆర్గన్ పక్కన బీరువా అంత చెక్కపెట్టె ఉంటుంది. దాని లోపల స్పీకర్ కొమ్ము గిరగిర తిరుగుతుంటే పాట అలలాగా వచ్చి పోతూ ఉంటుంది. నలుగురు మగాళ్లు కూడా ఎత్తలేని ఆ బీరువా చేసే పనిని ఈ అరచేతి పెట్టె చేస్తానంటుంది.

కొట్టు నడిపే మిస్ పికెన్స్, "రెండూ పట్టుకెళ్లి చూసుకో తల్లీ. కొట్టు మూసేలోగా ఒకటి తెచ్చెయ్" అంది. టోనియా దగ్గర ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది.

పొద్దుటి నుంచీ రెండూ వాయించి చూసింది. ఎవరూ వినకూడదని చిన్న యాంప్‌ను గుసగుసలకు తగ్గించి, తలుపు కింద తువ్వాలు కుక్కి మరీ వాయించింది. అంత సన్నగా వింటే రివర్బే గెలిచింది. తిరిగే స్పీకర్ కాస్త వెర్రిగా తోచింది. ఏమైనా ఉండనీ అని రెండూ చంకన పెట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

పీట్రీ తొంగి చూశాడు. "ఏంటే అవి, సబ్బుపెట్టెలా?"

"గోళ్లరంగు డబ్బాలై ఉంటాయిలే" అన్నాడు వెండెల్.

డెల్మార్ మామయ్య వాచిన నోటితోనే గదమాయించాడు. "అవి అక్కర్లేదే పిల్లా. ఊపిరి, చేతులు, యాంప్. మా నాన్న ఇంతకంటే ఏం వాడాడు?"

టోనియా రివర్బ్ తగిలించి, మామయ్య పెద్ద యాంప్‌లోకి తీగ గుచ్చింది.

ఆ ఇంట్లో తాత కాలం నుంచి ఒక కట్టుబాటు ఉంది. మైకునూ మౌత్ ఆర్గన్‌నూ కలిపి గుప్పిట్లో మూసి ఊదేటప్పుడు చేతుల మధ్య సందు పడిందా, యాంప్ శబ్దం తిరిగి మైకులో దూరి చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది. ఎవరి చేతిలో కీచుమంటే వాళ్లు మైకు కింద పెట్టి ఆ రోజుకి కూర్చోవాలి. మామయ్య కూడా కుర్రతనంలో ఎన్నో శనివారాలు అలా కూర్చున్నవాడే.

పీట్రీ తాళం ఎత్తుకున్నాడు. టోనియా మొదటి చరణం ఊదింది. బాగుంది. వెండెల్ గిటారు శబ్దం పెంచాడు, ఆమె కూడా పెంచింది. అంతే, యాంప్ కీచుమంది.

వంటగదిలోంచి అమ్మమ్మ కేకేసింది. "పిల్లిని ఎవడు తొక్కాడ్రా?"

పీట్రీ పడీ పడీ నవ్వాడు. డెల్మార్ మామయ్య ఐసు సంచితోనే కుర్చీ చూపించాడు. "మైకు కింద పెట్టు. రాత్రికి గిటారుతో నెట్టుకొస్తాంలే."

టోనియా చేతుల వంక చూసుకుంది. సందు లేదు. వేళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. మరి ఎందుకు కీచుమంది? ఆ సాగే నీడ గాలిలో అలాగే నిలబడి, తిరిగొచ్చి మైకులో పడింది. గుసగుసల్లో దాని సంగతి బయటపడలేదు. గట్టిగా వాయించాల్సిన వస్తువును భయపడుతూ ఎంచింది, అదే తప్పు.

మైకు కింద పెట్టలేదు. వంగి రివర్బ్ తీగ పీకేసి, రెండో పెట్టెకు తగిలించింది.

"ఇంకోసారి" అంది.

"వినపడలేదా? రూలు రూలే!"

"కీచుమన్నది నా చేతులు కాదు మామయ్యా. ఆ పెట్టె. దాన్ని కూర్చోబెట్టాను."

ఆ పిల్ల నోట ఒకేసారి అన్ని మాటలు రావడం వాళ్లెప్పుడూ వినలేదు. పీట్రీ నమలడం ఆపేశాడు.

టోనియా ఎవరి తాళం కోసమూ చూడలేదు. యాంప్‌ను మామయ్య ఎప్పుడూ ఆపే గీతకు పైగా తిప్పి, నెమ్మదిగా మొదలుపెట్టింది. స్వరం గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచింది, వెనక్కి వచ్చింది. కీచుమనలేదు. పొద్దున వెర్రిగా తోచిన శబ్దమే ఇప్పుడు బరువుగా, ఊపిరి పీల్చే పశువులా వణికింది. చరణం చివర కాలితో నొక్కితే లోపలి చక్రం వేగం పెరిగినట్టు స్వరం జోరందుకుని, వదలగానే మళ్లీ నింపాదిగా దిగింది. రెండో చరణానికి పీట్రీ చేతులు వాటంతటవే లేచాయి. మూడోదానికి వెండెల్ కూడా కలిశాడు. పిండి చేతులతో అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది.

పాట ఆగాక వెండెల్ అన్నాడు, "డెల్మార్, రాత్రికి ఇదే వాయిద్దాం రా."

"చర్చిలో మోగే మోతను క్లబ్బులోకి తెస్తావా?" మామయ్య గొంతు పెరిగింది. "తాగొచ్చినోళ్లు ప్రార్థన మొదలెడతారు. దొంగ పెట్టె పెట్టుకుని వాయించడం వాయింపు కాదే. మన ఇంట్లో ఎవ్వరూ అలా వాయించలేదు."

"మరి మీ యాంప్‌లో ఉన్నదేంటి మామయ్యా?"

"ఏముంది?"

"అడుగున స్ప్రింగుల డబ్బా. తంతే ఉరుముతుంది కదా. అదీ రివర్బే. దాన్ని తిప్పే మర మీరు మూడో అంకె దగ్గర పెట్టి వాయిస్తారు. తాత కూడా అక్కడే పెట్టేవారట, అమ్మమ్మ చెప్పింది."

పీట్రీ వెంటనే కాలు చాచి యాంప్‌ను ఒక్క తాపు తన్నాడు. లోపల ఉరిమింది. "అవున్రోయ్!" అని పగలబడి నవ్వాడు. వెండెల్ తల వంచుకుని నవ్వు మింగాడు. డెల్మార్ మామయ్య మొహం వాచిన బుగ్గతో సహా ఎరుపెక్కింది.

"నన్నే నవ్వులపాలు చేస్తావా, నా ఇంట్లో, నా వాళ్ల ముందు?" సోఫాలోంచి లేచాడు. "విను. పెట్టె ఇక్కడ వదిలేసి వస్తే రాత్రికి నీకు చోటుంది. పెట్టెతో అయితే లేదు."

"ఒరేయ్, నువ్వు ఊదలేవు. అది ఊదగలదు. బుర్ర పెట్టి ఆలోచించు" అంది అమ్మమ్మ.

"అమ్మా, నువ్వు చేపలు చూసుకో."

టోనియాకు రోజెట్టా క్లబ్బు వేదిక, ఎర్ర దీపం, ఎన్నాళ్ల ఆశ, అన్నీ ఒక్క తల ఊపుకు దూరంలో ఉన్నాయి. తల ఊపితే ఈ రాత్రి దొరుకుతుంది. ఈ రాత్రే కాదు, ఇక ముందు అన్ని రాత్రులూ మామయ్య గీత దగ్గరే ఆగి వాయించాలి.

తీగలు చుట్టింది. మైకు తనదే, జేబులో వేసుకుంది. రెండు పెట్టెలూ చేతుల్లోకి తీసుకుంది.

"రావట్లేదా?" అన్నాడు వెండెల్, నమ్మలేక.

"పెట్టెతో అయితే ఎనిమిదికి అక్కడ ఉంటాను. లేకపోతే ఉండను."

"ఉండక్కర్లేదు" అన్నాడు మామయ్య. వెళ్లి వీధి తలుపు బార్లా తెరిచాడు. "యాంప్ నాది, గుర్తుంచుకో. గాలికి తగిలించుకుంటావా నీ డబ్బా?"

"ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. అడుగుతాను."

"నువ్వా? అడుగుతావా? బళ్లో పేరు పిలిస్తే పలకవు!"

"అడుగుతాను" అంది మళ్లీ, ఈసారి వీధి అవతలికి వినపడేలా.

వాకిట్లో ఎండ మొహాన కొట్టింది. మెట్టు దిగి వెనక్కి తిరిగింది. గుమ్మంలో మామయ్య, ఆయన భుజం మీదుగా ముగ్గురి మొహాలు కనిపించాయి.

"రివర్బ్ తిరిగిచ్చేస్తున్నాను మామయ్యా" అంది. కుడిచేతిలోని తిరిగే స్పీకర్ పెట్టెను వాళ్లందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది. "ఇది మాత్రం నాది."

డెల్మార్ మామయ్య ఆమె మొహం మీదే తలుపు వేశాడు.